పాట కోసం పాత డిస్క్ ప్లేయర్‌ను మార్చాలా? రెండు ఒప్పోలతో మూడు వారాలు

నమస్కారం. భీమవరానికి దగ్గరలో, రొయ్యల చెరువుల మధ్య ఉన్న మా ఇంటి నుంచి మాట్లాడుతున్నాను. నా మాటల వెనుక మీకు వినిపిస్తున్న సన్నని హోరు మైకు లోపం కాదు, పక్క చెరువులో నీటికి గాలి అందించడానికి తిరుగుతున్న ఏరేటర్లది. దానిని గుర్తుపెట్టుకోండి, ఈ రివ్యూలో దానితో పని ఉంది.

నా ముందు సీడీలూ బ్లూ-రే సినిమా డిస్కులూ వేసుకునే రెండు ప్లేయర్లు ఉన్నాయి. ఎడమవైపున ఉన్నది 2012 చివరలో వచ్చిన ఒప్పో బీడీపీ-105, ఇది నా సొంతం. కుడివైపున ఉన్నది అదే సంస్థ 2017లో తెచ్చిన యూడీపీ-205, దీనిని రాజమహేంద్రవరంలోని ఒక మిత్రుడు మూడు వారాల కోసం ఇచ్చాడు. ప్లేయర్ల తయారీ ఆపివేస్తున్నట్టు ఆ సంస్థ 2018 ఏప్రిల్‌లో ప్రకటించింది కనుక ఈ రెండింటిలో దేనినైనా ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే కొనవలసి ఉంటుంది. 4కే డిస్కులు చూడాలనుకునేవారికి 205 అవసరమే, అందులో చర్చ లేదు. కేవలం పాట ఇంకా బాగా వినిపిస్తుందన్న ఆశతో 105ను అమ్మి 205 కొనాలా అన్నదే నా ప్రశ్న.

కాగితం మీద చూస్తే కొత్తదే గెలుస్తుంది. 105లో డిజిటల్ సంకేతాన్ని ధ్వనిగా మార్చే చిప్ ఈఎస్ఎస్ సంస్థ ఈఎస్9018, 205లో ఉన్నది ఈఎస్9038ప్రో. మొదటిదాని డైనమిక్ రేంజ్, అంటే అతి మెల్లని ధ్వనికీ అతి బిగ్గర ధ్వనికీ మధ్య అది ఇవ్వగల దూరం, 135 డెసిబెల్స్ అని, రెండవదానిది 140 అని ఆ సంస్థ చెబుతుంది. అయితే మనం వేసే సీడీ 16 బిట్లది, అందులో పట్టేది సుమారు 96 డెసిబెల్స్ మాత్రమే. అంటే బిందెడు నీళ్లు మోయడానికి పాత చిప్పే పెద్ద కాగు, కొత్తది ఇంకా పెద్ద కాగు. పైగా మే నెలలో మా ఊళ్లో ఫ్యాను ఆపి సంగీతం వినగలిగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఫ్యాను గాలి, చెరువు మీది ఏరేటర్లు కలిసి రికార్డింగులోని అతి మెల్లని ధ్వనులను ముందే మింగేస్తుంటే, ఆ రెండు చిప్‌ల మధ్య ఉన్న 5 డెసిబెల్స్ తేడా నా చెవి దాకా వచ్చే దారే లేదు.

ఇంత తెలిసి కూడా మొదటి రాత్రి నేను మోసపోయాను. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారి వీణ సీడీ రెండు ప్రతులు నా దగ్గర ఉన్నాయి. వాటిని రెండింటిలోనూ వేసి మార్చిమార్చి వింటే, 205లో వీణ ఒక అడుగు ముందుకు జరిగినట్టు, మీటిన తీగ నాదం ఇంకొంచెంసేపు నిలిచినట్టు స్పష్టంగా తోచింది. ఆ సంతోషంలో మిత్రునికి ఫోన్ చేసి, ఎంతకు ఇస్తావని కూడా అడిగేశాను. మర్నాడు ఉదయం వెనుక తీగలు చూసుకుంటే అసలు సంగతి బయటపడింది. కొత్తదానికి మూడు పిన్నులుండే ఎక్స్ఎల్ఆర్ తీగలు, పాతదానికి ఇళ్లలో మామూలుగా వాడే ఆర్సీఏ తీగలు పెట్టాను. ఎక్స్ఎల్ఆర్ నుంచి వచ్చే వోల్టేజీ దాదాపు రెట్టింపు, అంటే 6 డెసిబెల్స్ ఎక్కువ. వాల్యూమును చెవి అంచనాతో తగ్గించాను గానీ, ఆ అంచనాలో ఒక డెసిబెల్ మిగిలిపోయినా మన మనసు దానిని బిగ్గరగా ఉందని గుర్తించదు, బాగుందని గుర్తిస్తుంది. దుకాణాలలో జరిగే పోలికలలో చాలావాటి రహస్యం ఇదేనని నా అనుమానం.

అందువల్ల మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. రెండింటికీ ఒకే రకం ఆర్సీఏ తీగలు పెట్టి, 400 హెర్ట్‌జ్ టెస్ట్ టోన్ వేసి, స్పీకరు టెర్మినళ్ల దగ్గర మామూలు మల్టీమీటరుతో ఏసీ వోల్టేజీ కొలిచి, రెండింటి మధ్య తేడా ఒక శాతం లోపుకు వచ్చేవరకు సరిచేశాను. ఒక శాతమంటే డెసిబెల్‌లో పదో వంతు కన్నా తక్కువ. తరువాత మా మేనల్లుడిని యాంప్లిఫయర్ వెనుక కూర్చోబెట్టి, ఏది మోగుతున్నదో నాకు చెప్పకుండా మార్చమన్నాను. 20 సార్లలో 11 సార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసా వేసుకున్నా అంతే వచ్చేది. వాడు మాత్రం ఈ ఫలితాన్ని ఇంట్లో అందరికీ చెప్పి వచ్చాడు.

ఇక మీ ఇంట్లో ప్లేయరు నుంచి ఏవీ రిసీవరుకు (టీవీకి, స్పీకర్లకు సంకేతాలు పంచే యాంప్లిఫయర్ పెట్టెకు) హెచ్‌డీఎంఐ తీగ ఒక్కటే వెళుతుంటే ఇంత పరీక్ష కూడా అవసరం లేదు. అప్పుడు డిజిటల్ సంకేతాన్ని ధ్వనిగా మార్చే పని రిసీవరే చేస్తుంది. ప్లేయరులోని ఖరీదైన చిప్, దాని కోసం పెట్టిన విద్యుత్ సరఫరా ఊరకే కూర్చుంటాయి. అనలాగ్ తీగలు కలిపినా, చాలా రిసీవర్లు ప్యూర్ డైరెక్ట్ వంటి సెట్టింగ్ పెట్టకపోతే ఆ సంకేతాన్ని మళ్లీ డిజిటల్‌గా మార్చుకుని తమ చిప్‌తోనే తిరిగి వినిపిస్తాయి. ముందు ఆ సెట్టింగ్ చూసుకోండి, దానికి రూపాయి ఖర్చు లేదు.

డిస్కు మురికిగా ఉంటే ధ్వని పలచబడుతుందని, మంచి ప్లేయరు ఆ డిస్కులోంచే ఎక్కువ సమాచారం లాగుతుందని కొందరు ప్రేక్షకులు అంటుంటారు. సీడీలో తప్పులను సరిదిద్దే పద్ధతి మొదటి నుంచీ ఉన్నది. ట్రాకు మీద సుమారు రెండున్నర మిల్లీమీటర్ల గీత పడినా సమాచారం పూర్తిగా యథాతథంగా తిరిగి వస్తుంది. ఆ హద్దు బాగా దాటితే టిక్కుమనడం, ఎగిరిపోవడం, ఆగిపోవడం జరుగుతాయి తప్ప వీణ నాదం మెత్తబడడం, గాత్రం వెనక్కి వెళ్లడం వంటివి జరగవు. కాబట్టి మీ పాత ప్లేయరు డిస్కును చదవడానికి తడబడుతుంటే అది మరమ్మతు విషయం. మన డెల్టా తేమలో లెన్సు మీద మసక పేరుకోవడం, వేడికి ట్రే రబ్బరు బెల్టు సాగిపోవడం సహజమే, రెండూ కొద్దిపాటి పనులే. లేజరే బలహీనపడి, దానికి భాగం దొరకకపోతే మాత్రం ప్లేయరు మార్చడానికి అది న్యాయమైన కారణం.

ప్లేయరు లోపలి ఒపాంపులను, అంటే సంకేతాన్ని పెంచే చిన్న చిప్‌లను, మార్పించడం గురించి ఒక్క మాటే చెబుతాను: మార్పుకు ముందు, తరువాత కొలిచి చూపించలేని వారి చేతికి ఇలాంటి యంత్రాన్ని నేను ఇవ్వను.

మరి డబ్బు పెట్టవలసింది ఎక్కడ? ఈ స్థాయి ప్లేయర్లలో ధ్వని వక్రీకరణ శాతంలో వెయ్యో వంతు దరిదాపుల్లో ఉంటుంది, స్పీకర్లలో, ముఖ్యంగా మంద్రంలో, అది ఏకంగా శాతాలలోకి వెళుతుంది. గది సంగతి ఇంకా పెద్దది. మా తాతగారి మండువా లోగిలిలో రేడియో పెట్టినా మాట గుండ్రంగా వినిపించేది. ఇప్పటి మా స్లాబు ఇంట్లో టైల్స్ నేల, ఎదురెదురు నున్నని గోడలు ఉన్నందువల్ల చప్పట్లు కొడితే ఆ శబ్దం పళ్లెం మోగినట్టు తిరిగి వస్తుంది. స్పీకర్లకూ నాకూ మధ్య నేల మీద మందపాటి బొంత పరిచి, పక్క గోడలకు కోనసీమ కొబ్బరి పీచు పరుపులు రెండు ఆనించి, స్పీకర్లను వెనుక గోడ నుంచి రెండడుగులు ముందుకు జరిపాను. ఆ తేడాను పోల్చుకోవడానికి మేనల్లుడిని దాచి కూర్చోబెట్టే అవసరం రాలేదు, వంటింట్లో ఉన్న మా ఆవిడే వచ్చి ఏం మార్చారని అడిగింది. పీచు పరుపులు పై స్వరాలకే సాయం చేస్తాయి, మంద్రంలోని గుయ్యిమనే మోత ఇంకా మిగిలే ఉంది. దానికి స్పీకర్ల స్థానాన్ని ఇంకా వెతుకుతున్నాను.

నా 105 నా దగ్గరే ఉంటుంది. 205ను ఆదివారం కొవ్వూరు వంతెన దాటించి మిత్రునికి అప్పగిస్తాను. ఆయన గదిలో కూడా ఇదే పరీక్ష చేద్దామని అడిగాడు కనుక మల్టీమీటరును కూడా అదే సంచిలో పెట్టుకున్నాను.