జీఆర్86కి వెడల్పు వీల్స్ వేశాక టైర్లు రాసుకుంటే: ఏది పనిచేసింది, ఏది దండగ

ముందు ఈ సౌండ్ వినండి. స్టీరింగ్ ఎడమవైపు పూర్తిగా తిప్పి పార్కింగ్‌లోంచి మెల్లగా బయటికొస్తున్నాం. వినిపించిందా? గర్ర్‌మని ప్లాస్టిక్ మీద గీరుతున్న చప్పుడు. ఇప్పుడు రెండోది. తిన్నగా పోతూ స్పీడ్ బ్రేకర్ దిగాం. వెనకనుంచి ఒక్క క్షణం బుర్ర్‌మంది, ఆగిపోయింది. రెండూ టైరు రాసుకునే చప్పుళ్లే. కానీ తగిలే చోట్లు వేరు, చేయాల్సిన పని కూడా వేరు.

నమస్కారమండీ. ఇది టయోటా జీఆర్86. మా బాబాయి కొడుకుది, ఇక్కడే టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాడు. కారు కొన్న కొన్నాళ్లకే కాయిలోవర్లు, అంటే ఎత్తు మార్చుకోగలిగే స్ప్రింగు-షాక్ సెట్లు, వేసి కిందికి దించాడు, ఆ తర్వాత వెడల్పాటి అల్లాయ్ వీల్స్, వాటితోపాటే టైర్లు, అంతా ఒక ప్యాకేజీగా తీసుకున్నాడు. చూడ్డానికి మాత్రం, ఒప్పుకోవాలి, అదిరిపోయింది. తర్వాత ఫోన్ వచ్చింది. "అన్నయ్యా, ఫెండర్ కొట్టించేయమంటున్నారు షాపులో, కొట్టించేయనా?" ఫెండర్ అంటే చక్రం చుట్టూ ఉండే బాడీ రేకు, కొట్టించడమంటే దాని లోపలి అంచుని అణిచేయించడం. ఆగరా బాబూ, ముందు ఎక్కడ తగులుతోందో చూద్దాం అన్నాను. ఈ గొడవకి జనం చేసే రిపేర్లన్నీ ఒక్కొక్కటిగా ఈ కారు మీద చూశాం. ఆ రిపేర్ల మీదే ఈ రివ్యూ.

కాస్త లెక్కలు చెప్పుకోవాలి, విసుక్కోకండి. ఈ కారుకి కంపెనీ ఇచ్చే 18 అంగుళాల వీల్ వెడల్పు 7.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ ప్లస్ 48. ఆఫ్‌సెట్ అంటే ఏమీ లేదు, రిమ్ము నడిమధ్య గీత నుంచి హబ్‌కి (చక్రం బిగించే ఇరుసు చివర) ఆనుకునే ముఖం ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె, మిల్లీమీటర్లలో. అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది. మనవాడు వేసింది 9.5 అంగుళాల వెడల్పు, ప్లస్ 40. వెడల్పు రెండంగుళాలు పెరిగింది, అందులో సగం, అంటే 25 మిల్లీమీటర్ల పైచిలుకు, ఒక్కో వైపుకి పోతుంది. ఆఫ్‌సెట్ 8 తగ్గింది. కలిపితే రిమ్ము బయటి అంచు 33 మిల్లీమీటర్లు బయటికి వచ్చింది, లోపలి అంచు 17 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లింది. ఆర్డర్ పెట్టకముందే కాగితం మీద రెండు నిమిషాల్లో తేలిపోయే సంగతి ఇది. ఆ రెండు నిమిషాలే ఎవరూ పెట్టరు.

అసలు దొంగ మాత్రం రిమ్ము కాదు, టైరు. కంపెనీ టైరు 215/40 ఆర్18. దాని ఎత్తు, అంటే మొత్తం వ్యాసం, 629 మిల్లీమీటర్లు. ప్యాకేజీలో అంటగట్టింది 245/40 ఆర్18. రెండింట్లోనూ 40 ఉంది కదా, ఎత్తు మారదనుకుంటాం. కానీ ఆ 40 అనేది శాతం, టైరు వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంతో చెబుతుంది. 215లో నలభై శాతం 86, 245లో నలభై శాతం 98. పైనా కిందా కలిపితే టైరు 24 మిల్లీమీటర్లు ఎత్తు పెరిగింది. కారు కిందికి దించి, చక్రం పెద్దది చేసి, మళ్లీ తగలకూడదంటే ఎలా? ఇంకో సంగతి, స్పీడోమీటర్ 70 మైళ్లు చూపిస్తుంటే నిజానికి మీరు 72 దాటి పోతున్నట్టు. పోలీసు ఆపితే ఈ లెక్క ఆయనకి చెప్పి చూడండి.

245/35 ఆర్18 వేస్తే? 628.7 మిల్లీమీటర్లు. కంపెనీ టైరుకీ దీనికీ తేడా అర మిల్లీమీటరు. మేము మొదట చేసిన పని ఇదే. పాత టైర్లు పెద్దగా అరగలేదు కాబట్టి అమ్ముడుపోయాయి. నా రివ్యూలో మొదటి మార్కు దీనికే. స్టీరింగ్ తిప్పినప్పుడు వచ్చే చప్పుడు చాలావరకు ఇక్కడే పోయింది. ఒక జాగ్రత్త, సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, పొట్టిదైంది కాబట్టి గుంతల్లో రిమ్ముకి దెబ్బ తగిలే అవకాశం పెరుగుతుంది. లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె, కూడా చూసుకోండి, కంపెనీ టైరు మీదున్న అంకె కంటే తగ్గకూడదు.

టైరు మీద 245 అని రాసుందని అది కచ్చితంగా 245 ఉంటుందనుకోవద్దు. రిమ్ము అర అంగుళం వెడల్పు పెరిగితే టైరు కూడా సుమారు 5 మిల్లీమీటర్లు పరుచుకుంటుంది. పైగా అదే సైజు ఒక కంపెనీది గుండ్రటి భుజంతో ఉంటుంది, ఇంకో కంపెనీది పలకలా ఉంటుంది. "మా ఫ్రెండ్‌కి ఇదే సైజు తగల్లేదు" అన్న మాట పట్టుకుని కొనేయకండి.

సరే, ఎక్కడ తగులుతోందో పట్టుకోవడం. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా. ఇది ముందు చక్రం వెనకాల ఉండే ప్లాస్టిక్ లైనర్. ఇక్కడ చూడండి, మిగతా అంతా మట్టి పట్టి బూడిద రంగులో ఉంది, ఈ అరచేయంత మేర మాత్రం నల్లగా, నున్నగా మెరుస్తోంది. స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు భుజం ఇక్కడ ఒరుసుకుపోతోందన్నమాట. ఇది పెద్ద ప్రమాదం కాదు. ఇప్పుడు వెనక్కి రండి. వెనక ఫెండర్ లోపలికి వేలు పెడితే, రేకు అంచు లోపలికి మడిచి ఉంటుంది. మేము దాని మీద మాస్కింగ్ టేపు అంటించి, టైరు భుజానికి సుద్దముక్కతో అడ్డంగా గీతలు గీశాం. ఓ చుట్టు తిరిగి వచ్చాక చూస్తే టేపు ఇక్కడ చిరిగింది, టైరు మీద సుద్ద ఈ చోట చెరిగింది. అంటే రేకు అంచే టైరుని కోస్తోంది. ఇదీ టెన్షన్ పడాల్సిన చోటు.

ఖాళీ కారుతో టెస్ట్ చేస్తే ఇది బయటపడదు. ఈ కారు వెనక సీట్లలో పెద్దవాళ్లు కూర్చోలేరు, మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. అందుకని ఇండియన్ స్టోర్‌లో కొన్న 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలు వెనక సీట్లోనూ డిక్కీలోనూ వేసుకుని తిరిగాం. బరువు పడ్డాకే టేపు చిరిగింది. "అన్నయ్యా, వదిన చూస్తే బియ్యం ఎందుకు ఊరేగిస్తున్నారంటుంది" అన్నాడు మావాడు. అనింది కూడా.

మూడో రకం చప్పుడు ఉంటుంది, ఈ కారుకి రాలేదు. స్టీరింగ్ తిప్పకపోయినా, గతుకు లేకపోయినా, స్పీడుతో పాటు పెరిగే సర్ర్‌మనే శబ్దం. అది టైరు లోపలివైపు స్ట్రట్‌కో (షాక్ అబ్జార్బర్ ఉండే నిలువు గొట్టం) స్ప్రింగుకో తగులుతున్నప్పుడు వస్తుంది. బయటినుంచి చూస్తే టైరు శుభ్రంగా కనిపిస్తుంది, లోపలి సైడ్‌వాల్ మాత్రం తిరిగిన ప్రతిసారీ అరుగుతూ ఉంటుంది. హైవే మీద టైరు పేలే ప్రమాదం ఇలాంటప్పుడు ఉంటుంది. అలా అనిపిస్తే కారు ఆపి, చక్రం విప్పి చూడాల్సిందే. సైడ్‌వాల్‌లో దారాలు బయటపడితే ఆ టైరుకి రిపేరు లేదు, మార్చేయడమే.

స్పేసర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. స్పేసర్ అంటే చక్రాన్ని బయటికి తోసే బిళ్ల. లోపల తగులుతుంటే పనికొస్తుంది. బయట ఫెండర్‌కి తగులుతుంటే స్పేసర్ వేయడమంటే తగిలేదాన్ని ఇంకా బాగా తగిలించడం. చాలామంది రెండింటికీ అదే సలహా ఇస్తారు. ఒకవేళ వేసినా, స్టడ్ మీద నట్టు ఎంత లోతు ఎక్కుతోందో చూడండి. ఈ కారు స్టడ్లు 12 మిల్లీమీటర్ల మందం, కనీసం అంత లోతైనా నట్టు ఎక్కాలి. చాలకపోతే పొడవాటి స్టడ్లు వేయించండి. ఈ కారుకి స్పేసర్ అవసరం లేదు, డబ్బు మిగిలింది.

ఇప్పుడు క్యాంబర్. చక్రం పై భాగాన్ని లోపలికి వంచడం. ఈ సైజు టైరుకి ఒక డిగ్రీ వంచితే పైన సుమారు 5 మిల్లీమీటర్లు లోపలికి వస్తుంది. జీఆర్86 ముందు చక్రాలకి ఫ్యాక్టరీ క్యాంబర్ దాదాపు సున్నా, కాబట్టి కొంచెం వంచితే మలుపుల్లో పట్టు కూడా పెరుగుతుంది. దీనికి రెండు దారులు. చవకైనది క్యాంబర్ బోల్టు. స్ట్రట్‌నీ, హబ్‌ని పట్టుకునే నకిల్‌నీ కలిపే రెండు బోల్టుల్లో ఒకటి తీసి, నడుం సన్నగా ఉన్న ఈ బోల్టు వేస్తారు. చూడండి, తలకాయ తిప్పుతుంటే ఈ ఉబ్బెత్తు భాగం ఎలా పక్కకి నెడుతోందో. కొన్ని పదుల డాలర్లలో అయిపోతుంది. రెండోది కాయిలోవర్ పైన ఉండే క్యాంబర్ ప్లేట్.

ఈ రెండింటికీ ఉన్న తేడా చాలా వీడియోల్లో చెప్పరు. బోల్టుతో వంచితే స్ట్రట్ కదలదు, చక్రం ఒక్కటే దాని వైపు వాలుతుంది. అంటే బయట చోటు పెరిగినంత లోపల తగ్గుతుంది. ప్లేటుతో వంచితే స్ట్రట్, చక్రం కలిసి వాలతాయి, మధ్య సందు మారదు. మనం ఇప్పటికే రిమ్ముని 17 మిల్లీమీటర్లు లోపలికి పంపాం, గుర్తుందిగా. మావాడి కాయిలోవర్లకి ప్లేట్లు ఉన్నాయి కాబట్టి పైనుంచే సరిచేశాం. మామూలు స్ట్రట్లు ఉన్నవాళ్లు బోల్టు వేసుకోండి, వేశాక టైరుకీ స్ట్రట్‌కీ మధ్య వేలు దూరుతోందో లేదో చూసుకోండి.

వెనక అలా కుదరదు. ఈ కారు వెనక క్యాంబర్‌కి ఫ్యాక్టరీ అడ్జస్ట్‌మెంట్ లేదు, టోకి, అంటే పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణానికి, మాత్రమే ఉంది. కారు దించితే దానంతట అదే కొంత వంగుతుంది, అది మనకి కలిసొచ్చే విషయమే. ఇంకా కావాలంటే చక్రాన్ని బాడీకి కలిపే కింది కంట్రోల్ ఆర్మ్‌లు మార్చాలి. రేకు అంచు ఒక్కటే అడ్డమైనప్పుడు ఆ ఖర్చు నా దృష్టిలో దండగ.

అందుకే వెనక మాత్రం ఫెండర్ రోలింగ్‌కి వెళ్లాం. చక్రం విప్పి, హబ్‌కి ఈ పరికరం బిగిస్తారు. చివర రోలర్ ఉంటుంది, అది మడత అంచుని కొద్దికొద్దిగా లోపలి గోడకి అణుస్తుంది. అసలు కిటుకంతా వేడిలో ఉంది. హీట్ గన్‌తో రేకుని వేడి చేస్తూ ఉండాలి, చేయి పెడితే చురుక్కుమనాలి, పెయింటు మాత్రం బుడగలు రాకూడదు. చల్లగా ఉండగా నొక్కితే పెయింటు పగులుతుంది, ఆ పగుల్లోంచి నీళ్లు దూరి తుప్పు పడుతుంది. ఒకేసారి గట్టిగా నొక్కితే ఫెండర్ బయటికి ఉబ్బుతుంది, దాన్ని మళ్లీ సరిచేయడం ఎవరి వల్లా కాదు. ఇంట్లో బేస్‌బాల్ బ్యాటు పెట్టి చేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల ధైర్యానికి దండం. పని అయ్యాక అంచు వెంబడి టచప్ పెయింటు వేసి, పైన సీలర్ పూశాం. పనితనం బాగుంది, ఫలితం బాగుంది. కానీ వెనక్కి తీసుకోలేని పని ఇదొక్కటే, అందుకే ఆఖరున పెట్టాను. మొదట్లో షాపువాళ్లు చెప్పినట్టు నాలుగూ కొట్టించి ఉంటే, ముందు రెండూ ఊరికే పోయేవి.

ముందు లైనర్ ఒక చిన్న పని. హీట్ గన్‌తో ప్లాస్టిక్ మెత్తబడ్డాక, గ్లౌజు వేసుకుని ఆ మెరుస్తున్న చోట వెనక్కి నొక్కి చల్లారేదాకా పట్టుకోవాలి. జిప్ టై వేసి వెనక్కి లాగి కట్టినా చాలు. పూర్తిగా కోసి పారేయకండి, వానలో చక్రం చిమ్మే నీళ్లు, రాళ్లు అన్నీ లోపల వైర్ల మీద పడతాయి.

హబ్ గురించి కూడా. ఈ కారు బోల్టు ప్యాటర్న్ 5 బై 100, అంటే 100 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న వలయం మీద ఐదు బోల్టులు. హబ్ మీద కూర్చునే వీల్ నడిమి రంధ్రం 56.1 మిల్లీమీటర్లు. బయట కొనే వీల్స్‌కి చాలావాటికి 73.1 ఉంటుంది. హబ్‌కీ ఆ రంధ్రానికీ మధ్య సందులో రింగు వేయకపోతే చక్రం నడిమికి కూర్చోక స్టీరింగ్ వణుకుతుంది, జనం అది బ్యాలెన్సింగ్ తప్పనుకుని షాపుల చుట్టూ తిరుగుతారు. క్యాంబర్ కదిపిన రోజే అలైన్‌మెంట్ కూడా చేయించేయండి. క్యాంబర్ మారితే టో మారుతుంది, టో తప్పితే కొత్త టైరు లోపలి అంచు చూస్తుండగానే అరిగిపోతుంది.

హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి చూసేవాళ్లకి ఒక మాట. జీఆర్86 అక్కడ షోరూమ్‌లో దొరకదు, కానీ ఆఫ్‌సెట్ లెక్క, టైరు శాతం లెక్క మీ పోలోకైనా వెర్నాకైనా ఇదే. అక్కడ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా ఉంది, తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. ఇన్సూరెన్స్ వాళ్లకి ఇది బాగా గుర్తుంటుంది.

ఇప్పుడు ఈ కారు ఎలా ఉందంటే, స్పీడ్ బ్రేకర్ మీద చప్పుడు లేదు, బియ్యం బస్తాలతో కూడా లేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ చేస్తే మాత్రం లైనర్‌కి కొంచెం రాసుకుంటోంది. దాన్ని అలాగే వదిలేశాం. వీల్ నట్లు 89 పౌండ్ ఫీట్లకి, అంటే 120 న్యూటన్ మీటర్లకి, టార్క్ రెంచ్‌తో బిగించాం. ఓ 50 మైళ్లు తిరిగాక మళ్లీ చూడాలి, కొత్త వీల్స్ కదా, సర్దుకుంటాయి.

మీరు వీల్స్ కొనే ఆలోచనలో ఉంటే కామెంట్లో కారు మోడల్, రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్, టైరు సైజు, కారు దించారా లేదా, ఇవన్నీ రాయండి. లెక్క వేసి చెప్తాను. "అన్నా, నా కారుకి పడుతుందా" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే మాత్రం నేను చేయగలిగింది ఏమీ లేదు.