ఆ బంతి ఎవరూ ఇచ్చింది కాదు

అధ్యక్షులవారికి, కార్యవర్గ సభ్యులకు, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, ఇవాళ్టి పోటీల్లో గెలిచిన పిల్లలకు, ఓడిపోయినా చివరిదాకా ఆడిన పిల్లలకు నమస్కారం. వేదిక మీదున్న అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన సమయంలో సగం అక్కడే అయిపోతుంది. పెద్దలు మన్నించాలి.

"ఆటలు, చదువు" గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క ఆటగాడి గురించే చెబుతాను. పేరు మాల్కం బట్లర్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కార్నర్‌బ్యాక్.

ఈ ఆట చూడని అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్నారు కాబట్టి రెండు ముక్కలు. అవతలి జట్టు రిసీవర్ బంతి అందుకోవడానికి పరుగు తీస్తాడు. ఎక్కడ మలుపు తిరగాలో వాడికి ముందే తెలుసు. వాణ్ణి కాసే కార్నర్‌బ్యాక్‌కి తెలియదు. వాడి నడుము మీద కన్నుంచి, వెనక్కి అడుగులేస్తూ, వాడు తిరగగానే తనూ తిరగాలి. మన కబడ్డీలో కార్నర్‌లో ఉన్నవాడు కూతకొచ్చినవాడి కాలు కదలకముందే పసిగట్టినట్టు పసిగట్టాలి.

బట్లర్‌ది మిసిసిపీ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్. హైస్కూల్ అయ్యాక మూడేళ్లు గడిస్తే గానీ ఈ ఆటలో పెద్ద ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లోకి రానివ్వరు, కాబట్టి ఎవరికైనా కాలేజీ ఆటే దారి. ఇతను హైండ్స్ కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ల చదువులుండే స్థానిక కాలేజీలో, చేరాడు. 2009లో అయిదు ఆటలు ఆడాడో లేదో, జట్టులోంచి తీసేశారు. సొంతూరికి వచ్చి పొపాయ్స్ చికెన్ షాపులో పనికి కుదిరాడు. 2011లో హైండ్స్ కాలేజీ అతన్ని మళ్లీ జట్టులోకి తీసుకుంది. అమ్మానాన్నలు ఈ మాట వినాలని ఇంకోసారి చెబుతున్నాను. బయటికి పంపిన కాలేజీయే మళ్లీ తీసుకుంది.

అక్కణ్ణుంచి వెస్ట్ అలబామా యూనివర్సిటీ. లివింగ్‌స్టన్ అనే చిన్న ఊళ్లో ఉంటుంది. డివిజన్ 2, అంటే కాలేజీ ఆటలో రెండో శ్రేణి జట్టు. అక్కడి ఆటలు టీవీలో వచ్చేది తక్కువ. ఎన్ఎఫ్ఎల్ వాళ్లు కాలేజీ ఆటగాళ్ల ప్రతిభ కొలిచే కంబైన్‌కి అతనికి పిలుపు రాలేదు. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టు 2014 మేలో జరిగితే, 7 రౌండ్లలో 256 మంది పేర్లు చదివారు. అందులో అతని పేరు లేదు. తర్వాత ఎన్ఎఫ్ఎల్ జట్టు న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ వాళ్లు ట్రైఅవుట్‌కి పిలిచారు. కాంట్రాక్టు లేదు, వచ్చి ఆడి చూపించమన్నారు, అంతే. చూపించాడు, సంతకం పెట్టించుకున్నారు.

ఇక్కడ చదువు గురించి నాలుగు మాటలు చెప్పాలని రాసుకొచ్చాను. కానీ 2015 ఫిబ్రవరి 1 గురించి చెప్పకుండా ముందుకు పోలేను.

అరిజోనాలోని గ్లెండేల్. సూపర్ బౌల్, అంటే ఎన్ఎఫ్ఎల్ ఫైనల్. పేట్రియాట్స్ 28, సియాటిల్ సీహాక్స్ 24. చివరి నిమిషాలు. బట్లర్‌ని రెండో సగంలోనే మైదానంలోకి దించారు. సీహాక్స్ రిసీవర్ జర్మెయిన్ కర్స్‌కి వచ్చిన బంతిని గాల్లోనే తట్టేశాడు. కానీ ఆ బంతి కింద పడిన కర్స్ ఒంటిమీదే ఎగిరెగిరి చివరికి అతని చేతుల్లోనే పడింది. సీహాక్స్ 33 యార్డులు ముందుకొచ్చారు. బట్లర్ చేసింది సరైన పనే, అయినా ఫలితం అలా వచ్చింది. 24 ఏళ్ల కుర్రాడికి అప్పుడు ఎంత టెన్షన్ ఉంటుందో ఆలోచించండి.

ఆ వెంటనే సీహాక్స్ ఆటగాడు మార్షాన్ లించ్ బంతి పట్టుకుని పరిగెత్తి గోల్ గీతకి ఒక్క యార్డు దూరానికి తెచ్చాడు. ఆ గీత దాటితే సీహాక్స్‌దే ఆధిక్యం. 26 సెకన్లు ఉన్నాయి. బట్లర్‌ని మళ్లీ లోపలికి పంపారు. సీహాక్స్ రిసీవర్లు ఇద్దరు ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ఆ వరస అతను ప్రాక్టీసులో చూశాడు. అక్కడ సరిగ్గా ఇదే ఎత్తుగడకి దెబ్బతిన్నాడు, కోచ్ బెలిచిక్ మందలించాడు. ఇప్పుడు ముందున్న కర్స్‌ని బట్లర్ జట్టువాడే అయిన బ్రాండన్ బ్రౌనర్ కదలనివ్వకుండా అడ్డగించాడు. సీహాక్స్ క్వార్టర్‌బ్యాక్, అంటే పాసులు విసిరేవాడు, రసెల్ విల్సన్ బంతి విసిరాడు. వెనకున్న రిసీవర్ రికార్డో లాకెట్ కంటే ముందు బట్లర్ అక్కడికి చేరుకుని బంతి పట్టేశాడు. అవతలివాళ్ల పాసును ఇలా పట్టేయడాన్ని ఇంటర్‌సెప్షన్ అంటారు, ఎన్ఎఫ్ఎల్‌లో అతని మొట్టమొదటిది అదే. పేట్రియాట్స్ గెలిచారు.

ఇప్పుడు నా బాధ చెబుతాను. ఇన్నేళ్లయినా ఆఫీసుల్లో, పార్టీల్లో, మనవాళ్ల నోట కూడా ఒకటే మాట: "లించ్‌కి ఇచ్చుంటే అయిపోయేది, సీహాక్స్ కోచ్ పీట్ క్యారొల్ చేజేతులా పోగొట్టాడు." అయ్యా, ఆ సీజన్లో అంతకుముందు ఒక్క యార్డు నుంచి విసిరిన పాసుల్లో ఒక్కటీ అవతలివాళ్ల చేతికి చిక్కలేదు. సీహాక్స్ దగ్గర గడియారం ఆపించుకునే టైమౌట్ ఒక్కటే ఉంది, పాస్ తప్పితే గడియారం ఆగుతుంది. క్యారొల్ నిర్ణయానికి లెక్క ఉంది. ఆ లెక్కను తలకిందులు చేసింది బట్లర్ కాళ్లు, కళ్లు, ప్రాక్టీసు. ఓడినవాడి తప్పు గురించి గంటలు మాట్లాడతాం. గెలిచినవాడి పని గురించి ఎందుకు మాట్లాడం? చెప్పండి!

2018 సూపర్ బౌల్‌లో అదే పేట్రియాట్స్ అతన్ని డిఫెన్స్‌లో ఒక్కసారి కూడా దించలేదు. కారణం సరిగా చెప్పలేదు. జట్టు 41-33తో ఓడింది. మరుసటి నెలలో టెనెసీ టైటన్స్ 5 ఏళ్లకు 6 కోట్ల 10 లక్షల డాలర్ల ఒప్పందంతో తీసుకుంది. దాని గురించి ఇంకోసారి.

బట్లర్‌ని మళ్లీ తీసుకున్న హైండ్స్ లాంటి కమ్యూనిటీ కాలేజీలోనే నేను లెక్కలు చెబుతాను. మన తెలుగు పిల్లలు కూడా వస్తారు. ఒకడు మొదటి సెమిస్టర్లో తప్పి మానేస్తాడు, ఏడాది గిడ్డంగిలో పనిచేసి మళ్లీ వస్తాడు, ముందు బెంచీలో కూర్చుంటాడు. వాడి చేత నేను కాల్‌క్యులస్ పూర్తి చేయిస్తాను, వాడు యూనివర్సిటీకి వెళ్తాడు. కానీ వాళ్లమ్మ గుడిలో కనబడి ఎవరైనా "బాబు ఏ కాలేజీ అండీ?" అని అడిగితే గొంతు తగ్గించేస్తుంది. ఆవిడ తప్పు కాదు. అడిగేవాళ్ల మొహంలో మార్పు ఆవిడకి ముందే తెలుసు.

కార్యదర్శిగారూ, మీరిక్కడే ఉన్నారు కాబట్టి అందరి ముందూ అడుగుతున్నాను. ఏటా మన సావనీర్‌లో కాలేజీల్లో చేరిన పిల్లలకు అభినందనలు చెబుతూ ఒక పేజీ వేస్తాం. అందులో ఇప్పటిదాకా ఒక్క కమ్యూనిటీ కాలేజీ పేరు కూడా రాలేదు. ఈ ఏడాది వేయండి. మళ్లీ చేరినవాళ్ల పేర్లూ వేయండి. పేర్లివ్వడానికి ఇష్టపడే కుటుంబాలు భోజనాల దగ్గర నన్ను కలిస్తే ఇవాళే రాసుకుంటాను.