పక్కింటి కిటికీ చూసి గీసే ప్లాను

సభకు నమస్కారం.

మల్కాజిగిరి, వనస్థలిపురం వంటి హైదరాబాదు పాత కాలనీల్లో ఒంటి అంతస్తు ఇల్లు పడగొట్టి, అదే జాగాలో స్టిల్టు (కార్ల కోసం పిల్లర్ల మీద ఖాళీగా వదిలే కింది అంతస్తు) వేసి, దాని మీద నాలుగో ఆరో ఫ్లాట్లు లేపడం ఇవాళ ఇళ్ల ప్లాన్లు గీసే మన వృత్తిలో మామూలు పని అయిపోయింది. ఇలాంటి పనికి పిలుపు రాగానే మనం టేపు పట్టుకుని స్థలం కొలుస్తాం. నా అభిప్రాయంలో ముందు కొలవవలసింది పక్కింటిని: వారి కిటికీలు ఏ ఎత్తున ఉన్నాయి, వంటింటి పొగ ఎటు వస్తుంది, గోడ పునాది ఎంత లోతున ఉంది అన్నవి తెలియకుండా గీసిన ప్లాను సగం ప్లానే.

ఉదాహరణకు 36 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల 240 గజాల స్థలాన్ని తీసుకుందాం. ముందు పది, మిగిలిన మూడు వైపులా ఐదేసి అడుగులు వదిలితే అంతస్తుకు 26 × 45, అంటే 1,170 చదరపు అడుగులు దక్కుతాయి. అందులో మెట్లకు, లిఫ్టుకు కలిపి సుమారు 130 పోతాయి. మిగిలిన దాన్ని నిలువునా చీల్చి రెండు ఫ్లాట్లు చేస్తే, ఒక్కొక్కటి పదమూడు అడుగుల బోగీలా తయారై, నడిమి గదికి పక్కన వదిలిన ఐదడుగుల సందు తప్ప వేరే దిక్కు ఉండదు. మెట్లను నడిమి భాగంలో ఒక పక్క గోడకు చేర్చి, ఫ్లాట్లను ముందు ఒకటి, వెనక ఒకటిగా పెడితే రెండింటికీ మూడు వైపుల నుంచి గాలి ఆడుతుంది. (మెట్లు ఏ పక్కకు రావాలో తేల్చేది తరచు వాస్తు పండితుడే, ఆయనతో మొదటి రోజే మాట్లాడుకోవడం మేలు.)

ఇక్కడ నష్టపోయేది వెనక ఫ్లాటు. కిటికీ వైశాల్యం వేడి, పొడి వాతావరణంలో గది నేలలో పదో వంతు, తేమతో కూడిన వేడి ప్రాంతంలో ఆరో వంతు ఉండాలని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతుంది. 120 చదరపు అడుగుల గదికి పొడి వేడి ఉన్న చోట 12, విశాఖ లాంటి తేమ చోట 20 చదరపు అడుగులన్నమాట. ఆ లెక్క కాగితం మీద సరిపోవచ్చు గానీ, కిటికీకి ఎదురుగా పదడుగుల్లో పక్కింటి పడకగది కిటికీ ఉంటే ఇద్దరూ ఏడాది పొడవునా పరదాలు వేసుకునే బతుకుతారు. అందుకే కిటికీలను పక్కవారి కిటికీలకు ఎదురుపడకుండా జరపాలి. వెనక మూలలో పదడుగుల వెడల్పున మరో ఐదడుగులు లోపలికి తగ్గి వెలుతురుకు చోటివ్వాలి. అంతస్తుకు 50 చదరపు అడుగులు తగ్గాయని యజమాని బాధపడతాడు. ఆ వాదన నేను చాలాసార్లు ఓడిపోయాను, అయినా మానలేదు.

తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ (భవన అనుమతుల) చట్టం 500 చదరపు మీటర్ల స్థలం, 10 మీటర్ల ఎత్తు వరకు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇచ్చే పద్ధతి తెచ్చింది. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది దాటకపోయినా రెరా (కొనుగోలుదారుల రక్షణకు ఉన్న స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు అక్కర్లేదు. అంటే ఈ చిన్న కట్టడాల్లో కొనేవారికి మిగిలే రక్షణలో పెద్ద భాగం మన డ్రాయింగే.

ముఖ్యంగా స్టిల్టు విషయంలో. పైన గోడలతో బిగుసుకున్న అంతస్తులు, కింద ఉత్త పిల్లర్లు ఉంటే భూకంపంలో దెబ్బంతా ఆ పిల్లర్ల మీదే పడుతుంది. 2001 జనవరి 26న భుజ్ దగ్గర భూమి కంపించినప్పుడు, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో ఇలాంటి భవనాలు చాలా కూలాయి. మనది తక్కువ ప్రమాదమున్న రెండో జోనే. విజయవాడ మాత్రం మూడో జోన్. కారు తిప్పడానికి అడ్డమని ఒక పిల్లరును సన్నం చేయమని ఎవరడిగినా ఒప్పుకోకండి; లిఫ్టు చుట్టూ కాంక్రీటు గోడ వేయగలిగితే వేయండి.

చివరగా పునాది తవ్వకం. పాత ఇళ్ల రాతి పునాదులు తరచు లోతు తక్కువ. సరిహద్దు వెంట జేసీబీతో ఒకే కందకం తవ్వితే పక్కింటి గోడ కింద మట్టి జారుతుంది. ఒక గుంత విడిచి ఒక గుంత తవ్వి, కాంక్రీటు పోసి, అది గట్టిపడ్డాకే నడిమి గుంత తెరవాలి. ఏ గుంత ముందో, ఏది వెనకో అంకెలు వేసి డ్రాయింగులోనే చూపించండి, ఎందుకంటే తెల్లవారుజామున జేసీబీ వచ్చేసరికి అక్కడ మనం ఉండం, మేస్త్రి చేతిలో ఆ కాగితమే ఉంటుంది.