కట్టు వేసే చేతుల పక్కన ఎవరుండాలి? – క్లబ్‌ఫుట్ చికిత్సపై చర్చ

పాల్గొన్నవారు: ఎముకల డాక్టరు, కట్లు వేయడంలో శిక్షణ ఇచ్చే ఫిజియోథెరపిస్టు, క్లినిక్‌ల పర్యవేక్షకుడు

సంధానకర్త: నమస్కారం. పుట్టుకతోనే పాదం లోపలికీ కిందికీ తిరిగిపోయి ఉంటే దాన్ని క్లబ్‌ఫుట్ అంటాం. పాదాన్ని చేత్తో కొద్దికొద్దిగా సరిచేస్తూ ప్లాస్టర్ కట్లు వేసే పోన్సెటి పద్ధతి వచ్చాక చాలామంది పిల్లలకు పెద్ద ఆపరేషన్ అవసరం తప్పింది. వారం వారం కట్లు వేసేది చాలాచోట్ల ఫిజియోథెరపిస్టులు, నర్సులు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే. శిక్షణ పూర్తయ్యాక వాళ్ళకు తోడు ఎవరు? డాక్టర్ గారూ, మీతో మొదలుపెడదాం. శిక్షణ తీసుకున్నాక కూడా పక్కన ఒకరు కావాలా?

ఎముకల డాక్టరు: కావాలండీ. చదివితే తేలిగ్గా కనిపించే పద్ధతి ఇది. కానీ తెలియాల్సింది వేళ్ళకు. పాదాన్ని బయటికి తిప్పేటప్పుడు మన బొటనవేలు టేలస్ ఎముక (మడమ ఎముక మీద కూర్చునే చీలమండ ఎముక) తల మీద ఉండాలి. అది పాదం పైన, బయటివైపు, చీలమండకు కాస్త ముందు తగులుతుంది. చాలామంది వేలు ఇంకొంచెం ముందుకు జారి, మడమ ఎముకా, దాని ముందుండే క్యూబాయిడ్ ఎముకా కలిసేచోట ఆనుతుంది. అక్కడ నొక్కితే మడమ ఎముక బయటికి తిరిగే దారి మూసుకుపోతుంది. ఎనిమిది కట్లు వేసినా మడమ లోపలికే ఉంటుంది. వేసినవాళ్ళకేమో పాదం మొండిదనిపిస్తుంది. వేలెక్కడుందో పక్కన నిలబడి చూసేవాళ్ళు లేకపోతే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు.

సంధానకర్త: మేడమ్, అది నేర్పేదెలా?

ఫిజియోథెరపిస్టు: ముందు కట్టు లేకుండానే. ఒక చేత్తో కాలివేళ్ళనూ, వాటి వెనకున్న పొడవాటి మెటాటార్సల్ ఎముకలనూ పట్టుకోవాలి. రెండో చేతి బొటనవేలు, చూపుడువేలు చీలమండకు రెండువైపులా ఉన్న గుబ్బల మీద పెట్టి, నెమ్మదిగా ముందుకు జరపాలి. టేలస్ తల వేలికి తగులుతుంది. పాదాన్ని అటూ ఇటూ కదిపితే టేలస్‌కు ముందుండే నావిక్యులర్ ఎముక దాని మీదుగా జరగడం తెలుస్తుంది. కార్యకర్త వేలు మీద నా వేలు పెట్టి, ఎంత బలం చాలో అలాగే తెలియజెప్తాను. నోటితో వంద సార్లు చెప్పినా ఆ బలం అర్థం కాదు.

మొదటి కట్టుకే జరిగే పొరపాటు ఇంకొకటుంది. పాదం లోపలికి తిరిగి ఉంది కదా అని ముందు పాదాన్ని బయటికి మెలిపెడతారు. దాంతో అరికాలి వంపు ఇంకా లోతవుతుంది. చేయాల్సింది దానికి విరుద్ధం. కాలి బొటనవేలి వెనకున్న మెటాటార్సల్‌ను పైకెత్తి, ముందు పాదాన్ని మడమతో ఒకే వరుసలోకి తేవాలి. ఆ తర్వాతి కట్ల నుంచే బయటికి తిప్పడం. మడమను ఏ కట్టులోనూ చేత్తో పట్టుకోకూడదు, లాగకూడదు.

పర్యవేక్షకుడు: అందుకే క్లినిక్‌కు వెళ్ళినప్పుడు రిజిస్టరు ముందు తెరవొద్దంటాను. ఒక బిడ్డను పాత కట్టు తీయడం నుంచి కొత్త కట్టు ఆరేదాకా చూడాలి. పాత కట్టు ఎప్పుడు తీశారో అడగాలి. ముందురోజు రాత్రే ఇంట్లో తీసేస్తే వచ్చిన సవరణలో కొంత పోతుంది. అదే రోజు క్లినిక్‌లో నానబెట్టి తీయడమే మంచిది.

సంధానకర్త: కట్టు వేసేటప్పుడు మీ కళ్ళు ఎక్కడుంటాయి?

ఫిజియోథెరపిస్టు: దూది మీద. మందంగా చుడితే లోపల పాదం కదులుతుంది, కట్టు జారుతుంది. పల్చగా, ముడతల్లేకుండా ఉండాలి. ఒకరు పాదం పట్టుకుంటే ఇంకొకరు ప్లాస్టర్ చుట్టాలి, ఒంటరిగా వేయకూడదు. ముందు మోకాలి కింద వరకు వేసి, ప్లాస్టర్ గట్టిపడేలోపు అచ్చు తీర్చాలి. ఇక్కడ వేలు ఒకేచోట అదిమి ఉంచితే గుంట పడి లోపల పుండు అవుతుంది. నొక్కుతూ, వదులుతూ, వేళ్ళు కదుపుతూ ఉండాలి. తర్వాత మోకాలిని 90 డిగ్రీలకు మడిచి తొడ పైదాకా కొనసాగించాలి. మోకాలి కిందే ఆపేసిన కట్టు జారిపోతుంది. కాలివేళ్ళ పైభాగం తెరిచి ఉంచాలి, కింద మాత్రం ప్లాస్టర్ ఆసరా ఉండాలి.

ఎముకల డాక్టరు: కట్టు అయ్యాక ప్రతి వేలి కొసా నొక్కి, తెల్లబడిన చోటికి రక్తం వెంటనే తిరిగొస్తుందో లేదో చూడాలి. ఇంటికెళ్ళాక వేళ్ళు లోపలికి పోయి కనిపించకపోతే కట్టు జారినట్టు. అదే రోజు తీసేయాలని తల్లిదండ్రులకు చెప్పామా లేదా అన్నది కూడా పర్యవేక్షణలో భాగమే.

సంధానకర్త: తల్లి ఎదురుగానే తప్పు కనిపిస్తే అక్కడే చెప్తారా?

ఎముకల డాక్టరు: వెంటనే ఆపాలి. బిడ్డ పాదం కదా.

ఫిజియోథెరపిస్టు: హాని జరిగేదైతే నేనూ ఆపుతాను. అయితే “తప్పు” అనను. “నన్నూ ఓసారి పట్టుకోనివ్వండి” అని చేయి కలుపుతాను. తల్లి ముందు మాట పడ్డ కార్యకర్త మరుసటి వారం సందేహం వచ్చినా మనకు ఫోన్ చేయరు. ఆ తల్లికి కూడా వాళ్ళ మీద నమ్మకం పోతుంది. మిగతావన్నీ పిల్లలు వెళ్ళాక, ఇద్దరమే కూర్చుని మాట్లాడుకోవాలి. ఒక్కసారికి ఒకటి రెండు విషయాలకు మించి చెప్పకూడదు.

పర్యవేక్షకుడు: పాదం ఎంత వంకరగా ఉందో చెప్పే పిరానీ స్కోరు విషయంలో కూడా ఇలాగే చేస్తాం. ఆరు లక్షణాలు, ఒక్కోదానికి 0, 0.5 లేదా 1, మొత్తం 6. కార్యకర్తా నేనూ ఒకరిది ఒకరు చూడకుండా విడివిడిగా వేస్తాం. తేడా వస్తే ఇద్దరం మళ్ళీ అదే పాదం పట్టుకుంటాం. ఎక్కువగా తేడా వచ్చేది ఖాళీ మడమ (మడమ ఎముక వేలికి తగలకపోవడం) దగ్గర, టేలస్ తల దగ్గర. రెండూ కంటితో కాదు, వేలితో చూడాల్సినవి.

సంధానకర్త: మరి రిజిస్టరు దేనికి?

పర్యవేక్షకుడు: ఏ బిడ్డ దగ్గర ఆగాలో చెప్పడానికి. మామూలుగా 5 నుంచి 7 కట్లలో పాదం సరికావాలి. అంతకు మించుతుంటే ఆ బిడ్డను చూడకుండా రాకూడదు. స్కోరు తగ్గే వరుస కూడా చూడాలి. నడిపాదం స్కోరు ముందు తగ్గాలి, మడమ భాగం స్కోరు టెనాటమీ దాకా చాలావరకు నిలిచే ఉంటుంది.

ఎముకల డాక్టరు: టెనాటమీ అంటే మడమ వెనకుండే అకిలిస్ టెండన్‌ను చర్మంలోంచే చిన్న గాటుతో కోయడం. 10 మందిలో 8, 9 మందికి అవసరమవుతుంది. ఎక్కడైనా టెనాటమీలు మరీ తక్కువగా కనిపిస్తే నాకు భయం వేస్తుంది. పాదాన్ని బలవంతంగా పైకి నెట్టేస్తున్నారేమో అని! మడమ దిగకుండా పాదం మధ్యలో విరిగినట్టు వంగుతుంది, అరికాలు బోర్లా ఉబ్బుతుంది. పాదం దాదాపు 60 డిగ్రీలు బయటికి తిరిగి, టేలస్ తల నావిక్యులర్ కింద కప్పుకున్నాకే టెనాటమీ. ఆ తర్వాతి కట్టు 3 వారాలు ఉండాలి.

సంధానకర్త: కట్లు అయ్యాక బ్రేస్, అంటే ఒక బార్‌కు రెండు బూట్లు బిగించిన సాధనం. ఇక్కడే ఎక్కువమంది జారిపోతారంటారు.

ఫిజియోథెరపిస్టు: అవునండీ, నా దృష్టిలో కష్టమంతా ఇక్కడే. పాదం తిరగబెట్టడానికి ప్రధాన కారణం బ్రేస్ మానేయడమే. మొదటి 3 నెలలు రోజుకు 23 గంటలు, తర్వాత రాత్రీ పగటి నిద్రలోనూ, 4, 5 ఏళ్ళ వయసు దాకా. బూటు బయటికి తిరిగి ఉండాల్సింది చికిత్స చేసిన పాదానికి 70 డిగ్రీలు, మామూలు పాదానికి 30 నుంచి 40. రెండు మడమల మధ్య బార్ పొడవు భుజాల వెడల్పంత. బార్ చిన్నదైతే బిడ్డకు ఇబ్బంది, ఏడుపు. తల్లి తీసి పక్కన పెడుతుంది.

“బ్రేస్ వేస్తున్నారా?” అని అడిగితే అందరూ వేస్తున్నామనే చెప్తారు. “నిన్న రాత్రి ఎన్నింటికి తొడిగారు? పొద్దున ఎన్నింటికి తీశారు?” అని అడగమంటాను. తల్లి చేతనే అక్కడ తొడిగించాలి. మడమ బూటు అడుగుకు ఆనిందా, మధ్య పట్టీ బిగిందా చూడాలి. బొబ్బలు వస్తే చాలామంది పట్టీ వదులు చేస్తారు. అప్పుడు మడమ ఇంకా రాసుకుని బొబ్బ పెద్దదవుతుంది. పట్టీ సరిగా బిగించాలి. రాని కుటుంబానికి ఒకటి రెండు రోజుల్లో ఫోన్ వెళ్ళాలి. మాటలో మందలింపు ఉండకూడదు.

పర్యవేక్షకుడు: తర్వాతి సైజు బూట్లు ముందే తెప్పించి ఉంచాలి. అవి లేకపోతే ఆ పిలుపు వృథా.

సంధానకర్త: మరి కార్యకర్తల సంగతి? వాళ్ళకేం కావాలి?

పర్యవేక్షకుడు: ఒంటరిగా వదలకపోవడం. ఒక్కరికే నేర్పితే వాళ్ళు బదిలీ అయిన రోజే క్లినిక్ ఆగిపోతుంది, అందుకే ఇద్దరికి నేర్పాలి. వారంలో ఒకే రోజు క్లినిక్ పెడితే చేతికి సాధన ఉంటుంది, తల్లులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. సందేహం వస్తే ముందు, వెనక, పక్క, అరికాలు ఫోటోలు పంపమంటాం, తల్లిదండ్రుల అనుమతితో. ఫోటోలో బిగువు తెలియదు కాబట్టి దానితోనే నిర్ణయం చేయం.

ఎముకల డాక్టరు: కట్లు ఆపి పంపించే హక్కు వాళ్ళకు ఉండాలి. పాదం పొట్టిగా, ఉబ్బి, అరికాలికి అడ్డంగా లోతైన మడత పడి, కాలి బొటనవేలు పొట్టిగా పైకి లేచి ఉంటే అది వేరే రకం. చాలాసార్లు జారిన కట్ల వల్లే అలా మారుతుంది. మామూలు పద్ధతిలో ఇంకో కట్టు వేస్తే మరింత చెడుతుంది. ఆ రోజు కట్టు వేయకుండా, వాపు తగ్గనిచ్చి, అనుభవం ఉన్నవాళ్ళ దగ్గరికి పంపాలి. పంపిన కార్యకర్తను కూడా అక్కడికి పిలిచి, ఆ పాదాన్ని పట్టుకోనివ్వాలి.