మొదటి ట్రయథ్లాన్: ఆగమాగం అయ్యేది ఎక్కడ?

అందరికీ నమస్కారం. హనుమకొండ, కాజీపేట వాళ్లతో పాటు కరీంనగర్, జనగామ నుంచి కూడా వచ్చారు, సంతోషం. ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే పోటీ. ఈ మూడు ఆటల గురించి మూడు ఉపన్యాసాలు ఇచ్చేంత సమయం లేదు. మొదటిసారి దిగినవాళ్లు ఎక్కడ తొందరపడి ఆగమవుతారో అక్కడే ఎక్కువసేపు ఆగుదాం. మిగతాది సాధనలో అదే వస్తుంది.

ముందు దూరాలు. స్ప్రింట్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. 2000లో సిడ్నీలో ఒలింపిక్స్‌లోకి వచ్చిన పోటీ దీనికి సరిగ్గా రెట్టింపు: 1500 మీటర్లు, 40, 10. గోవాలో 2019లో మొదలైన 70.3 మైళ్ల పోటీ ఇంకా పెద్దది: 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21.1 పరుగు. ఫోటోలు చూసి నేరుగా ఆ గోవా పోటీకే పేరిచ్చేవాళ్లు ఉన్నారు. మొదటిది స్ప్రింటే కావాలి. కొత్తవాళ్లకు గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. అరగంట మెల్లగా ఉరకగలిగి, నీళ్ల భయం లేనివాళ్లకు పన్నెండు వారాల సాధన సరిపోతుంది. వారానికి మూడు ఈతలు, రెండు సైకిళ్లు, రెండు పరుగులు, ఒకరోజు పూర్తి విశ్రాంతి. బీపీ, షుగర్, ఛాతీ నొప్పి ఉన్నవాళ్లు డాక్టరుకు చూపించుకున్నాకే మొదలుపెట్టాలి.

ఇప్పుడు ఈత. మన పల్లెల్లో బాయిల ఈత నేర్చినవాళ్లే ఎక్కువ. నడుముకు బెండు కట్టుకుని గడ్డ మీది నుంచి దుంకినవాళ్లకు నీళ్ల భయం ఉండదు, అది పెద్ద ఆస్తి. కానీ బాయి ఈతలో తల పైకే ఉంటుంది. తల లేస్తే నడుము, కాళ్లు కిందికి దిగుతాయి. దిగిన కాళ్లను మోసుకుంటూ యాభై మీటర్లు పోయేసరికి ఆయాసం వచ్చేస్తుంది. అప్పుడు ‘నాకు దమ్ము చాలదు’ అనుకుంటారు. చాలామందికి దమ్ము సరిపడా ఉంటుంది, ఊపిరి వదలడమే రాదు. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ గాలి బిగబట్టి, తల తిప్పిన ఆ ఒక్క క్షణంలోనే వదలాలి, పీల్చాలి అంటే రెండూ సగం సగమే అవుతాయి. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి గుండె దడ మొదలవుతుంది. దాన్నే మనం భయం అనుకుంటాం.

దీనికి మందు కొలను గోడ దగ్గరే ఉంది. గోడ పట్టుకుని ముఖం ముంచి, ముక్కుతో బుడగలు సన్నగా, ఆగకుండా వదలండి. తల పక్కకు తిప్పి నోటితో పీల్చండి. ఇరవైసార్లు. తిప్పినప్పుడు ఒక కన్ను నీళ్లలోనే ఉండాలి, రెండూ బయటికి వచ్చాయంటే తల లేచినట్టే. తర్వాత 25 మీటర్లు ఎనిమిదిసార్లు, మధ్యలో 30 సెకన్ల విశ్రాంతి. అది తేలికైనాక 50, ఆ తర్వాత 100. కాళ్లు మెల్లగా ఆడిస్తే చాలు, వాటితో ఇంకా రెండు పనులున్నాయి. 25 మీటర్ల కొలనులో ముప్పై పొడవులు ఆగకుండా వచ్చిన రోజు ఈత గండం సగం గడిచినట్టే.

మిగతా సగం చెరువు. కాకతీయులు మనకు పాకాల, రామప్ప, లక్నవరం ఇచ్చిపోయారు కాబట్టి నీళ్లకు కరువు లేదు. అలాగని కనబడ్డ చెరువులో దిగొద్దు. అనుమతి ఉన్నచోట, పడవో, ఒడ్డున ఈత వచ్చిన మనిషో ఉన్నప్పుడే దిగాలి. నీళ్ల మీద తేలే రంగు బుర్ర నడుముకు కట్టుకోవాలి. మత్తడి దుంకుతున్న రోజుల్లో ఆ దరిదాపులకు పోవద్దు, తూము దగ్గరికి ఎప్పుడూ పోవద్దు. చేపల వలలు, పూడిక తీసిన గుంతలు పైనుంచి కనబడవు. చెరువులో అడుగున గీత ఉండదు, నీళ్లు మసకగా ఉంటాయి, మనిషి తెలియకుండానే పక్కకు పోతాడు. ఆరేడు చేతులకోసారి మొసలిలా కళ్లు మాత్రమే పైకెత్తి ముందున్న బోయ్ (దారి చూపే, తేలే గుర్తు) చూసుకోవాలి. వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు ఈత దుస్తులు) కొనాలా అని అడుగుతుంటారు. మన వెచ్చటి నీళ్లకు దాంతో పనిలేదు.

పోటీ రోజు మొదటి వంద మీటర్లలోనే ఎక్కువమంది తడబడతారు. పక్కవాళ్ల చేతులు తగులుతాయి, కళ్లద్దాలు ఊడతాయి. అద్దాల పట్టీ టోపీ కింద ఉంటే అంత తేలిగ్గా ఊడవు. గుంపు వెనుక, ఒక పక్కన నిలబడండి. పదిహేను సెకన్లు ఆలస్యంగా బయలుదేరితే కొంపేం మునగదు. దడ వస్తే వెల్లకిలా తేలండి, కప్ప ఈత కొట్టండి, లేదా చెయ్యెత్తి, కాపలాకు వచ్చే కయాక్ (చిన్న పడవ) పట్టుకోండి. పట్టుకుని ముందుకు సాగనంతవరకు నియమాల్లో అది తప్పు కాదు. ఈ సంగతి ముందే తెలిసినవాళ్లకు దాని అవసరం అంతగా రాదు.

నీళ్లలోంచి లేచి సైకిల్‌కు, సైకిల్ దిగి పరుగుకు మారే సందును ట్రాన్సిషన్ అంటారు. కొత్తవాళ్లు ఇక్కడే పది నిమిషాలు పోగొట్టుకుంటారు, ఒక్కోసారి పోటీనే పోగొట్టుకుంటారు. సైకిల్ పక్కన చిన్న తువ్వాలు పరిచి, బూట్లు నోరు తెరిచి పెట్టండి, లోపల కాస్త పౌడర్ చల్లండి. లేసుల బదులు సాగే ఎలాస్టిక్ ఉంటే ముడి గొడవ ఉండదు. హెల్మెట్ హ్యాండిల్ మీద తలకిందులుగా, పట్టీలు రెండు పక్కలా వేలాడుతూ ఉండాలి. క్రమం ఒక్కటే: ముందు హెల్మెట్ పెట్టి పట్టీ బిగించాలి, ఆ తర్వాతే సైకిల్ మీద చెయ్యి వేయాలి. తిరిగి వచ్చాక ముందు సైకిల్ తగిలించాలి, ఆ తర్వాతే పట్టీ విప్పాలి. ఇది తప్పితే శిక్ష పడుతుంది. ఎక్కే గీత దాటేదాకా సైకిల్‌ను నడిపించుకునే పోవాలి. టైమింగ్ చిప్ ఎడమ కాలికి కట్టండి, కుడివైపు చైన్ ఉంటుంది.

సైకిల్ ఏదైనా పరవాలేదు, బ్రేకులు బాగుండాలి. సీటు ఎత్తు ఇలా చూసుకోండి: పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి. ముందరి పాదంతో తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు తక్కువైతే మోకాలి ముందు భాగం నొస్తుంది, ఎక్కువైతే వెనుక నరాలు లాగుతాయి. గాలి ఎంత కొట్టాలో టైరు అంచు మీదే రాసి ఉంటుంది. రోడ్డు సైకిళ్లకు చాలావరకు సన్నని ప్రెస్టా వాల్వు ఉంటుంది, మన పంచరు దుకాణాల పంపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి సీటు కింద సంచీలో వేసుకోండి. దాంతో పాటు ఒక ట్యూబు, రెండు టైరు లీవర్లు, చేతి పంపు.

పంచరు పడితే కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపలి పక్కంతా వేలితో మెల్లగా తడమండి. మన రోడ్ల మీద పంచరుకు ముఖ్య కారణం తుమ్మముల్లు. దాని మొన టైరులో విరిగి ఉండిపోతుంది, బయటికి కనబడదు. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే రెండు కిలోమీటర్లలో అదీ పోతుంది. వెనుక చక్రం విప్పేముందు చైనును వెనుక ఉన్న అతి చిన్న పళ్లచక్రం మీదికి దించుకోండి, చక్రం తేలిగ్గా ఊడి వస్తుంది.

సాధన తెల్లవారుజామున చేస్తారు కాబట్టి ఇంకో మాట. కోతల కాలంలో రోడ్డు పక్కన వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాళ్లు, వాటి మీది నల్లటి టార్పాలిన్ అస్సలు కనబడవు. ముందు లైటు, వెనుక ఎర్ర లైటు లేకుండా బయలుదేరొద్దు. వడ్ల మీదికి ఎక్కితే చక్రం జారుతుంది. రైతు కోపం సంగతి సరేసరి.

పోటీలో ముందు సైకిల్ వెనుక అతుక్కుని పోవడం మామూలుగా నిషేధం. ఎంత దూరం ఉండాలో ముందురోజు చెప్తారు, ఆ సమావేశానికి తప్పక పోండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు కూడా కుదరవు. బరువైన గేరు వేసి బలంగా తొక్కితే తొడలు అక్కడే అయిపోతాయి. తేలిక గేరులో నిమిషానికి ఎనభై, తొంభై చుట్లు తిరిగేలా తొక్కండి. చివరి కిలోమీటరు ఇంకా తేలిక చేయండి.

ఎందుకంటే దిగగానే కాళ్లు మీవి కావు. సైకిల్ మీద నడుము వంగి, తొడలు ఒకే తీరున గుండ్రంగా తిరిగాయి. ఒక్కసారిగా నిటారుగా నిలబడి ఉరకమంటే అవి మాట వినవు. మొదటి కిలోమీటరు దాకా ఇలాగే ఉంటుంది. చిన్న అడుగులు, మెల్లటి వేగం. దీనికి సాధన వేరే ఉంది: వారానికోసారి 10 కిలోమీటర్లు తొక్కి, దిగిన వెంటనే కిలోమీటరు ఉరకండి. దాన్నే బ్రిక్ అంటారు. ఎనిమిదో వారానికి 20 తొక్కి 3 ఉరకగలగాలి. చివరి వారం అన్నీ సగానికి తగ్గించండి. నాలుగు నిమిషాలు ఉరికి ఒక నిమిషం నడిచినా ఎవరూ ఏమీ అనరు. ఈ ఆటను ప్రపంచవ్యాప్తంగా నడిపే సంస్థ వరల్డ్ ట్రయథ్లాన్ నియమాల ప్రకారం నడవొచ్చు, పాకడానికి మాత్రం వీల్లేదు.

తిండి విషయం తొందరగా చెప్పేస్తాను. రెండు, మూడు గంటల ముందు మూడు ఇడ్లీలు, ఒక అరటిపండు. పూరీ, వడ వద్దు, ఆరోజు కొత్తది ఏదీ వద్దు. సైకిల్ మీద ఒక సీసాలో ఓఆర్ఎస్ నీళ్లు పెట్టుకోండి. పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి, చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. దాహాన్ని బట్టి తాగండి. ఉత్త నీళ్లే లీటర్లకొద్దీ తాగితే ఒంట్లో సోడియం పడిపోతుంది, అది ఇంకా ప్రమాదం. చంకల్లో, తొడల మధ్య, మెడ మీద వ్యాస్‌లైన్ రాసుకోండి. తడిసిన కాటన్ టీషర్టు ఒరిపిడికి చర్మం లేచిపోతుంది, పాలిస్టర్‌ది వేసుకోండి.

ముగింపు గీత దాటాక వెంటనే కూర్చోవద్దు, ఐదు నిమిషాలు నడవండి. చిప్ తిరిగి ఇవ్వండి. సైకిల్ బయటికి తెచ్చుకునేటప్పుడు నంబర్ చూపించాలి, దాన్ని చించేయకండి. ఇప్పుడు ప్రశ్నలు అడగండి. సైకిల్ తెచ్చుకున్నవాళ్లు బయటే ఉండండి, సీటు ఎత్తులు ఒక్కొక్కటిగా చూద్దాం.