నొప్పి లేని పంటికి వైద్యం: వెంటనేనా, ఆగి చూడాలా?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: రూట్ కెనాల్ నిపుణురాలు, ఓరల్ సర్జన్, వినియోగదారుల హక్కుల కార్యకర్త)

యాంకర్: నమస్కారం. ఎక్స్‌రేలో పంటి వేరు కొసన నల్లటి మచ్చ ఉంది, నొప్పి మాత్రం లేదు. ఒక డాక్టరు వెంటనే చేయించుకోమంటారు, ఇంకొకరు ఆరు నెలలు చూద్దామంటారు. ఎవరిని నమ్మాలి? లేక ఇదంతా బిల్లు కోసమేనా? మేడమ్, మీరు చెప్పండి.

నిపుణురాలు: ముందు ఆ పంటికి రూట్ కెనాల్, అంటే లోపలి నరం తీసి శుభ్రం చేసి మూసే వైద్యం, అయిందో లేదో చూడాలి. అయి ఉంటే ఆ మచ్చ, అంటే ఎముక కరిగిన చోటు, మానుతున్నదే కావచ్చు. ఎముక మళ్లీ పూడటానికి చాలామందికి ఏడాది పడుతుంది, కొందరికి నాలుగేళ్ల దాకా...

సర్జన్: నాలుగేళ్లా! అప్పటిదాకా చీము ఊరుకుంటుందా?

నిపుణురాలు: పూర్తి చేయనివ్వండి సార్. పాత ఎక్స్‌రేతో పోలిస్తే మచ్చ తగ్గుతోందో పెరుగుతోందో తెలుస్తుంది. అసలు రూట్ కెనాలే కాని పంట్లో నరం చచ్చిపోయి మచ్చ వచ్చిందంటే మాత్రం నొప్పి లేకపోయినా ఆగకూడదు.

సర్జన్: నేను మొత్తుకునేదీ అదే! చిగురు మీద చిన్న పొక్కు లేస్తుంది. నొక్కితే చీమొస్తుంది, తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. చీముకి దారి దొరికింది కాబట్టి నొప్పి లేదు, అంతే. ఆ దారి మూసుకుపోతే? కింది దవడ పన్నయితే వాపు నాలుక కిందికి, మెడలోకి దిగుతుంది. లుడ్విగ్స్ ఆంజైనా అంటాం. మింగలేరు, ఊపిరాడదు.

యాంకర్: కానీ సార్, రూట్ కెనాల్, దాని మీద క్యాప్... వేలల్లో బిల్లు. జనం అనుమానపడటంలో తప్పేముంది?

కార్యకర్త: తప్పేం లేదు. ఎక్స్‌రే కాపీ అడిగితే కొన్నిచోట్ల విసుక్కుంటారు. అది చేతిలో లేకపోతే రెండో డాక్టరు మాత్రం ఏం చెప్తారు?

సర్జన్: కాపీల సంగతి తర్వాత. ఎముక బాగా కరిగితే గానీ మామూలు ఎక్స్‌రేలో మచ్చ పడదండీ!

యాంకర్: ఖమ్మం నుంచి కాలర్ ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండి. మా నాన్నగారికి షుగర్. పోయినేడు రూట్ కెనాల్ చేయించాం, ఇప్పుడు మచ్చ ఉందంటున్నారు. నొప్పి లేదు. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ తెచ్చి వేస్తున్నాం...

నిపుణురాలు: అది వద్దమ్మా. నరం చచ్చిన పంట్లో రక్తప్రసరణే ఉండదు, మందు లోపలికి ఎలా చేరుతుంది? జ్వరమో, వాపు పాకడమో ఉంటేనే యాంటీబయాటిక్. 2019లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ కూడా చాలా పంటి నొప్పులకు అది వద్దనే చెప్పింది.

కార్యకర్త: లవంగ నూనె రాసుకునే కాలమే నయం.

సర్జన్: లవంగం చీముని తీస్తుందా? షుగర్ ఉన్నవాళ్లకి ఇన్ఫెక్షన్ త్వరగా ముదురుతుంది. చేయించేయండమ్మా!

నిపుణురాలు: మచ్చ ముందుకంటే పెరిగిందా అమ్మా? కొరికితే ఏమైనా...

సర్జన్: పెరిగేదాకా ఎందుకు ఆగాలి?

యాంకర్: మళ్లీ బిల్లు దగ్గరికే వస్తున్నాం. మళ్లీ రూట్ కెనాల్ అంటే మళ్లీ ఖర్చే కదా?

సర్జన్: ఐసీయూ ఖర్చెంతో తెలుసా మీకు? ముఖం వాచినా, నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా ఆ రాత్రే ఆస్పత్రికి పరుగెత్తాలి. తెల్లారాక చూద్దామనుకోవద్దు!

నిపుణురాలు: ఆ లక్షణాల మీద మనకి తేడా లేదు సార్. ఇక్కడ మాట్లాడుతున్నది ఏ లక్షణమూ లేని...

యాంకర్: సమయం అయిపోయింది మేడమ్. అమ్మా, సార్ చెప్పారు కదా, ఆలస్యం చేయకండి.

నిపుణురాలు: ఆ పాత ఎక్స్‌రే చూడకుండా అలా చెప్పకండి...

యాంకర్: చిన్న బ్రేక్.