గరుకు రాయి ఇంట్లో ఎక్కడ వేయాలి, ఎక్కడ వద్దు: నేచురల్ స్టోన్ రివ్యూ

నమస్కారమండీ. ఇవాళ టేబుల్ మీద మెరిసే రాయి ఒక్కటి కూడా లేదు. పాలిష్ పట్టనివే తెచ్చాను. ఈ చివర ఇసుకరాయి, దాని పక్కన స్లేట్, తర్వాత నాపరాయి, ట్రావర్టీన్, క్వార్ట్‌జైట్, మంట పెట్టి గరుకు చేసిన ఫ్లేమ్డ్ గ్రానైట్. ఆ చివర విడిగా పెట్టింది మాత్రం రాయి కాదు. సిమెంటుతో అచ్చు పోసిన కల్చర్డ్ స్టోన్. పోల్చి చూడ్డానికి తెచ్చాను.

ఇలాంటి రాయంటే నాకు ప్రాణం. అందుకే షోరూంలో రంగు చూసి ముచ్చటపడి, దానికి పడని చోట తీసుకెళ్లి వేసిన ఇళ్లు చూస్తే మనసు చివుక్కుమంటుంది. రాయికి అందం తెచ్చేది ఆ ఎగుడుదిగుడే. నీళ్లు నిలిచేదీ, మురికి పట్టేదీ ఆ ఎగుడుదిగుడులోనే. కాబట్టి ఒక రాయి చేతికి తీసుకోగానే రంగు సంగతి పక్కన పెట్టి రెండే చూస్తాను. నీళ్లు దీన్ని ఏం చేస్తాయి, వెలుతురు దీని మీద ఎలా పడుతుంది.

ముందు నీళ్లు. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. ఇసుకరాయి మీద ఒక చుక్క వేశాను. గుండ్రంగా నిలబడనే లేదు. అంచులు పాకుతున్నాయి, కింద రాయి ముదురు రంగుకి తిరుగుతోంది. ఇంకాసేపు ఆగితే పైన నీళ్లే కనపడవు, తడి మచ్చ ఒక్కటే మిగులుతుంది. ఇప్పుడు అదే చుక్క గ్రానైట్ మీద. కదలట్లేదు. వేలితో తుడిచేశాను, కింద రంగు దాదాపు అలాగే ఉంది.

అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం లెక్క చూస్తే ఈ తేడా ఎంతో తెలుస్తుంది. కట్టడాల్లో వాడే గ్రానైట్ తన బరువులో 0.40 శాతానికి మించి నీళ్లు పీల్చకూడదు. క్వార్ట్‌జైట్‌కి 1 శాతం. మామూలు ఇసుకరాయికైతే 8 శాతం దాకా ఒప్పుకుంటారు. లోపలికి నీళ్లు దారి చేసుకున్నచోట నూనె కూడా దారి చేసుకుంటుంది. గడ్డకట్టే చలి ఉండే ప్రాంతాల్లో ఆ నీళ్లు మంచుగా మారి సుమారు 9 శాతం ఉబ్బుతాయి, రాయి పొరలు పొరలుగా లేస్తుంది. చలి లేని చోట ఆ పని ఉప్పు చేస్తుంది. సముద్రపు గాలిలోని ఉప్పో, నేలలోంచి ఎక్కే ఉప్పో రాయి లోపల స్ఫటికాలు కట్టి పైభాగాన్ని పొడిపొడిగా రాల్చేస్తుంది.

రెండో పరీక్షకి వెనిగర్. ట్రావర్టీన్ మీద నాలుగు చుక్కలు వేశాను. సన్నటి బుడగలు లేస్తున్నాయి, కనిపిస్తున్నాయా? కాసేపు ఆగి తుడుస్తున్నాను. ఇదిగో, ఇక్కడ వెలిసిపోయినట్టు ఒక మచ్చ. ఇది మరక కాదండీ, రాయే కరిగింది. సబ్బు పెట్టి తోమినా పోదు. నాపరాయి కూడా ఇదే జాతి. రెండింట్లోనూ ఉండేది కాల్సైట్ అనే ఖనిజం. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో దానిది 3. గ్రానైట్‌లోనూ క్వార్ట్‌జైట్‌లోనూ ఉండే క్వార్ట్జ్ గట్టిదనం 7. అంటే కాల్సైట్ రాయికి గీతలు కూడా త్వరగా పడతాయి. కాబట్టి నిమ్మరసం చిందే వంటగట్టుకి ట్రావర్టీన్ గానీ నాపరాయి గానీ నేను సిఫారసు చేయను. బాత్రూంలో వేసుకుంటే మాత్రం యాసిడ్ క్లీనర్ ఆ చుట్టుపక్కలకి కూడా రానివ్వకండి. ఇంకో ఉపయోగం కూడా ఉంది ఈ వెనిగర్‌తో. ఎవరైనా ఇది క్వార్ట్‌జైట్ అని చెప్పి అమ్ముతుంటే నమూనా ముక్క అడిగి ఒక చుక్క వేయండి. పొంగిందంటే అది క్వార్ట్‌జైట్ కాదు.

ఇక ఇంటి లోపలికి వద్దాం. లోపల గరుకు రాయికి అన్నిటికంటే మంచి చోటు ఒక గోడ. ఒక్కటంటే ఒక్కటే. నాలుగు గోడలకీ వేస్తే గది చిన్నదైపోతుంది, కంటికి ఆగే చోటు దొరకదు. ఆ ఒక్క గోడ ఎలాంటిదంటే, నడుస్తూ చెయ్యి ఆనించనిది, పొయ్యి పొగ అందనిది, వీలైతే పక్కనుంచి వెలుతురు వచ్చేది.

వెలుతురు గురించి మాత్రం కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఎక్కువమంది డబ్బంతా రాయి మీద పెట్టి లైటు దగ్గర వదిలేస్తారు. ఇప్పుడు గోడకి ఎదురుగా ఉన్న లైటు వేశాను. రాయి చదునుగా, గోడకి ఫోటో అతికించినట్టుంది. ఇది ఆపేసి, పైన సీలింగులో గోడకి జానెడు దూరంలో పెట్టిన లైటు వేస్తున్నాను. వెలుతురు గోడని రాసుకుంటూ కిందికి జారుతోంది. ఒక్కో రాయి కింద ఒక్కో నీడ పడింది. స్లేట్ పొర ఎక్కడ చీలిందో ఆ అంచు తెలుస్తోంది, ఇసుకరాయి రేణువులు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. గోడ అదే, రాయి అదే. కాబట్టి రాయి ఎంచుకునే ముందే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడి లైటు పాయింటు ఎక్కడ రావాలో తేల్చుకోండి. గోడ పూర్తయ్యాక సీలింగు పగలగొట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు.

ఇలాంటి వెలుతురుకి ఒక చిక్కుంది. రాయి అందంతో పాటు మేస్త్రీ పనితనాన్నీ బయటపెట్టేస్తుంది. సన్న పట్టీలని కలిపి అతికించిన రెడీమేడ్ ప్యానెళ్లు తీసుకున్నారనుకోండి, ఒకదాని కింద ఒకటి తిన్నగా పేరిస్తే అతుకులన్నీ ఒకే వరసలో వచ్చి గోడ మీద నిలువు గీత పడుతుంది. ఇటుకల్లాగా అతుకు తప్పించి పేర్చమనండి. అన్నిటికన్నా ముందు నేను చూసేది మూల. గోడ మలుపు దగ్గర రంపం కోత కనిపించిందంటే, రెండు సెంటీమీటర్ల బిళ్ల అతికించారని చూసినవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. మూలలకి ఎల్ ఆకారంలో కోసిన ముక్కలు విడిగా దొరుకుతాయి. కాస్త ఖర్చు ఎక్కువే, కానీ నేను మరో చోట తగ్గించుకుని అయినా అవే కొంటాను.

బరువు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 20 మిల్లీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ చదరపు మీటరుకి సుమారు 54 కిలోలు తూగుతుంది, ఇసుకరాయి సుమారు 45. పెయింటు వేసిన గోడ మీద నేరుగా అతికిస్తే జిగురు పెయింటుని పట్టుకుంటుంది, పెయింటేమో గోడని వదిలేస్తుంది. పెయింటు గీకించి, గోడని గాట్లు పెట్టించాకే పని మొదలుపెట్టాలి. గోడ ఎత్తుగా ఉంటే జిగురొక్కటే నమ్మకుండా స్టీలు క్లాంపులు వేయించండి. లేత రంగు రాయికి తెల్ల సిమెంటుతో చేసిన అడ్హెసివ్ వాడాలి. బూడిద రంగుది వాడితే కొన్ని రాళ్లలో ఆ నీడ పైకి కనిపిస్తుంది.

నేలకొస్తే నాకు ఫాలింగ్‌వాటర్ ఇల్లు గుర్తొస్తుంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో, ఒక చిన్న జలపాతం మీద ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1935లో డిజైన్ చేసిన ఇల్లు. గోడలకి వాడింది ఆ స్థలంలోనే తవ్వి తీసిన ఇసుకరాయి. హాల్లో నేల బండలకి మైనం పూసి నిగ్గు తెప్పించారు, ఏటి నీళ్లు పారుతున్నట్టుంటుంది. చలిమంట గూడు ముందు మాత్రం అక్కడి కొండబండనే అలా ఉంచేశారు, మైనం పూయలేదు. నీళ్లలోంచి పొడి బండ పైకి తేలినట్టు కనిపిస్తుంది. నడిచే చోట నున్నన, కూర్చుని చూసే చోట గరుకు. ఇంటి లోపల నేలకి నేను చెప్పేది కూడా అదే. పొరలు లేచిన స్లేట్ హాల్లో వేస్తే కుర్చీ కాళ్లు ఊగుతాయి, పాకే పిల్లల మోకాళ్లు గీసుకుపోతాయి. నున్నగా అరగదీసి మెరుపు రాకముందే ఆపేసిన హోన్డ్ ఫినిష్ గానీ, తోలులా తగిలే లెదర్ ఫినిష్ గానీ తీసుకోండి. మెరుపు ఉండదు, కాలికి గుచ్చుకోదు.

తడి చోట్ల రాయి అసలు పనికిరాదనేవాళ్లకి స్విట్జర్లాండ్‌లో వాల్స్ అనే ఊళ్లోని స్నానశాల చూపిస్తాను. ఆర్కిటెక్ట్ పీటర్ జుమ్‌తోర్ డిజైన్, 1996లో తెరిచారు. అక్కడి క్వార్ట్‌జైట్ పలకలు 60,000 వాడారు. పలకల మందాలు మూడే రకాలు, ఆ మూడూ కలిపితే 15 సెంటీమీటర్లు. ఏ వరసలో పేర్చినా లెక్క మళ్లీ 15 దగ్గర కలుస్తుంది. అందుకే గోడ చూడ్డానికి స్వేచ్ఛగా ఉన్నా ఎక్కడా గజిబిజి లేదు. మన బాత్రూంలో కూడా నీళ్లు తక్కువ పీల్చే రాయి అయితే భయం లేదు. షవర్ కింద గులకరాళ్ల షీటు మాత్రం నాకు నచ్చదు. అందులో రాయి కంటే సందుల్లో నింపే గ్రౌటు ఎక్కువ కనిపిస్తుంది, సబ్బు మడ్డి అంతా అక్కడే చేరుతుంది.

ఇప్పుడు బయటికి. బయట గరుకు అందానికి మాత్రమే కాదు, వానలో కాలు జారకుండా ఉండడానికి. ఇక్కడ నా ఓటు ఫ్లేమ్డ్ గ్రానైట్‌కే. దీన్ని ఎలా చేస్తారంటే, రాయి మీదుగా మంట పోనిస్తారు. క్వార్ట్జ్ 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర లోపలి అమరిక మార్చుకుని ఉబ్బుతుంది, పైనున్న పలుకులు చిటపటమని ఎగిరిపోతాయి. క్వార్ట్జ్ లేని మార్బుల్‌కి ఈ పద్ధతి కుదరదు. ముదురు రంగు మాత్రం ఎండ నేరుగా పడే చోట వద్దు, ఉత్త కాళ్లతో నిలబడలేరు.

బయట బండలు పరిచేటప్పుడు దగ్గరుండి చూడాల్సింది ఒకటుంది. నాలుగు మూలల్లో నాలుగు ముద్దలు, మధ్యలో ఒక ముద్ద మోర్టార్ పెట్టి పైన బండ పడేసే పద్ధతి ఒప్పుకోకండి. పని త్వరగా అవుతుంది, మిగతాదంతా బోలు. ఆ బోలులో నీళ్లు చేరతాయి, బరువు పడితే బండ పగులుతుంది, కొన్నాళ్లకి ఆ ముద్దలు ఎక్కడున్నాయో పైన మచ్చల్లా తేలతాయి కూడా. బండ కింద మొత్తం మోర్టార్ ఉండాలి. ఆరాక తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే మళ్లీ వేయించండి. మీటరుకి ఒకటిన్నర సెంటీమీటరు చొప్పున వాలు ఇంటి నుంచి బయటికి ఉండాలి. గరుకు బండకి నున్న బండ కంటే వాలు ఎక్కువే కావాలి, లేకపోతే ప్రతి గుంటలోనూ నీళ్లు ఆగి నాచు పడుతుంది.

స్లేట్ బయట వేసేవాళ్లు ఈ ముక్క చూడండి. ఇక్కడ ఇత్తడి రంగులో మెరిసే చుక్కలున్నాయి కదా, అది పైరైట్, ఇనుము ఉన్న ఖనిజం. వానకి తడిస్తే తుప్పు చారలు కిందికి కారతాయి. కొందరికి ఆ చారలే ఇష్టం. లేత రంగు గోడ మీదైతే నాకు ఇష్టం లేదు.

పని పూర్తయ్యాక రాయి మీద తెల్లటి బూజులాంటిది కనిపిస్తే కంగారు పడి యాసిడ్ పోయకండి. మోర్టార్‌లోని లవణాలు నీళ్లతో పైకొచ్చి ఆరాయి, అంతే. పొడి బ్రష్‌తో రుద్దేయండి. అది ఆగేదాకా, నీళ్లూ మరకలూ పట్టకుండా రాయికి పూసే సీలర్ వేయొద్దు, వేస్తే లోపల బిగుసుకుపోతుంది. సీలర్ కూడా రాయి లోపలికి ఇంకే సైలేన్, సైలాక్సేన్ రకమైతే మేలు. పైన పొరగా నిలిచేది బయట వేస్తే ఎండకి పెచ్చులు లేస్తుంది. సీలర్ వేసిన రాయి మరక పట్టడానికి టైము తీసుకుంటుందే తప్ప, యాసిడ్ నుంచి కాల్సైట్‌ని కాపాడదు.

తోట ఉన్నవాళ్లకి నేను గట్టిగా చెప్పేది సిమెంటు లేని రాతి గోడ. నీళ్లు సందుల్లోంచి వాటంతటవే పోతాయి, సందుల్లో మొక్కలు మొలుస్తాయి. గోడ కొంచెం లోపలికి వాలి ఉండాలి, మధ్యమధ్య గోడ మందమంతా పట్టే పొడుగాటి రాళ్లు పడాలి, లోపలి ఖాళీల్లో చిన్న రాళ్లు బిగించాలి, మట్టి కాదు. ఈ పనితనాన్ని యునెస్కో 2018లో వారసత్వ కళల జాబితాలో చేర్చింది, క్రొయేషియా నుంచి స్విట్జర్లాండ్ దాకా ఎనిమిది దేశాల పేరు మీద. విడిగా పెద్ద బండరాయి పెడుతుంటే మూడో వంతు మట్టిలోకి దించండి. అప్పుడే అది అక్కడిదిలా కనిపిస్తుంది, లేదంటే లారీ నుంచి దించి మర్చిపోయినట్టుంటుంది.

చివర్న ఉన్న కల్చర్డ్ స్టోన్ విషయం. తేలిక, పై అంతస్తుల గోడలకి ఆ తేలికదనం నిజంగా పనికొస్తుంది. కానీ ఈ అంచు చూడండి, చిన్న పెచ్చు ఊడింది, లోపల బూడిద రంగు సిమెంటు. పక్కన ఇసుకరాయి విరిగిన అంచు లోపల కూడా అదే రంగు. చెయ్యి తగిలే ఎత్తులో నేను అసలు రాయే వేస్తాను.

రాయి కోసేటప్పుడు నీళ్లు పోస్తూనే కోయమనండి. ఇసుకరాయిలో, గ్రానైట్‌లో ఉండే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. ఇంట్లో వాళ్లని ఆ రోజు దూరంగా ఉంచండి, పనివాళ్లకి సరైన మాస్కులు మీరే కొనివ్వండి. రాయంతా ఒకే లాట్‌లో, పది శాతం ఎక్కువగా తెప్పించి, అతికించే ముందు అన్ని పెట్టెల్లోంచీ కలిపి నేల మీద పరిచి చూసుకోండి. మిగిలిన ముక్కలు పారేయకండి. రేపు ఒకటి పగిలితే, అదే గని నుంచి తెప్పించినా ఆ రంగు మళ్లీ కలుస్తుందన్న నమ్మకం లేదు.